టోక్యో ఆఫీసుకు బయలుదేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఏడాదిపాటు పని మీద నిన్ను టోక్యో పంపుతున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఆ ఊళ్లో నేను పద్దెనిమిది నెలలు ఉద్యోగం చేశాను. చలి గురించి, ఇంటి అద్దెల గురించి చెప్పేవారు నీకు చాలామంది దొరుకుతారు. ఆఫీసులో మాట ఎలా నడుస్తుందో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

నేను వెళ్లిన మూడో నెలలో జరిగింది ఇది. శుక్రవారం అప్పగించాల్సిన పని ఆలస్యమయ్యేలా ఉందని నాకు బుధవారం మధ్యాహ్నానికే తెలిసిపోయింది. రెండు రాత్రులు మేలుకుంటే అయిపోతుందనుకుని ఎవరికీ చెప్పలేదు. కష్టాన్ని అలా ఒంటరిగా మోసేవారినే మన దగ్గర బాధ్యత తెలిసినవారంటారు. శుక్రవారం పొద్దున ఇంకా రెండు రోజులు కావాలని అడిగాను. క్లయింటు వైపు పెద్దాయన పళ్ల సందులోంచి గాలి లోపలికి పీల్చి, తల కొద్దిగా పక్కకు వంచి ఊరుకున్నారు. అరవలేదు. అప్పటికే ఆయన నా మాట నమ్మి తన పైవారికి చెప్పారు, వారు మరో విభాగానికి చెప్పారు, ఆ విభాగం శనివారం నాడు పరీక్షించడానికి మనుషులను రమ్మంది. రెండు రోజుల ఆలస్యాన్ని ఆయన పది నిమిషాల్లో సర్దేశారు. బుధవారమే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న మాత్రం సర్దుకోలేదు. ఆ తర్వాత నెల రోజులు నేను చెప్పిన ప్రతి తేదీని ఆయన మరొకరిని కూడా అడిగి నిర్ధారించుకున్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

అక్కడ కొత్తగా చేరిన ప్రతివారికీ మొదట నేర్పేది 'హోరెన్‌సో'. హోకొకు అంటే జరిగింది చెప్పడం, రెన్‌రకు అంటే తెలియవలసినవారికి కబురందించడం, సోదాన్ అంటే చేసే ముందు సలహా అడగడం. మూడింటి మొదటి అక్షరాలు కలిపితే వచ్చే మాటకు పాలకూర అనే అర్థం కూడా ఉంది, కాబట్టి మరిచిపోవు. నువ్వు చెడ్డ కబురు ముందుగా చెబితే నీ విలువ తగ్గదు. 'అయిపోతుందండీ' అనే మాట మన నోట అలవాటుగా వచ్చేస్తుంది. దాన్ని విమానం ఎక్కేలోపే మానుకో. సగం పనే అయితే సగమే అయిందని చెప్పు.

అయితే వారు మాత్రం నీతో 'కుదరదు' అని ముఖాన అనరు. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. నువ్వు మాట్లాడుతుంటే 'హై, హై' అంటారు. అది ఒప్పుకోలు అనుకోకు. కథ వినేటప్పుడు మనం ఊ కొట్టడం లాంటిది. 'చొత్తో...' అని వాక్యం మధ్యలో ఆగిపోతే కాదని అర్థం. 'ముజుకషీ', అంటే కష్టం అన్నా కాదనే. 'కెంతో షిమాస్', ఆలోచిస్తాం అంటే సాధారణంగా ఆ విషయం అక్కడితో ఆగినట్లే. ఇవన్నీ మనకు కొత్తేమీ కాదు. పిలుపుకు రాలేనివారు 'చూద్దాం లెండి' అంటే మనకు అర్థం కావడం లేదా? ఆ చెవితోనే విను.

సమావేశంలో కొత్త ప్రతిపాదన హఠాత్తుగా పెట్టకు. ఎంత మంచిదైనా అందరూ మౌనంగా ఉండిపోతారు. చెట్టును మరోచోట నాటే ముందు వేళ్ల చుట్టూ మట్టి తవ్వి సిద్ధం చేయడాన్ని 'నెమవాషి' అంటారు. ఆఫీసులోనూ అదే మాట. సంబంధం ఉన్న ఒక్కొక్కరినీ ముందే విడిగా కలిసి మాట్లాడాలి. మన ఇళ్లలో నిశ్చితార్థం నాడు ఎవరూ కొత్త మాట ఎత్తరు కదా, మధ్యవర్తి అంతకుముందే రెండు ఇళ్లూ తిరిగి అన్నీ తేల్చి ఉంటాడు. ఇదీ అంతే.

భాషకు భయపడకు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే తలకిందులుగా ఉంటుంది, తెలుగు ద్వారా నేర్చుకో. 'అషిత కురు తొ ఇత్త' అంటే 'రేపు వస్తా అని అన్నాడు'. మాట వెంట మాట, అదే వరుస. మన 'అని' ఉండే చోటే వారి 'తొ' ఉంటుంది. క్రియ చివరనే. ఇది తెలిసిన రోజు నాకు పుట్టింటి మనిషి కనిపించినట్లు అనిపించింది.

'సాన్' మన 'గారు' లాంటిదే, కానీ ఒక తేడా ఉంది. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మీ సొంత సంస్థ మేనేజరు పేరుకు 'సాన్' చేర్చకూడదు. బయటివారి ముందు మనవారిని తగ్గించి చెప్పడమే అక్కడ మర్యాద. పెద్దవారి పేరు అలా ఒట్టిగా పలకడానికి నాకు నెలలు పట్టింది.

సాయంత్రం పని అయ్యాక కూడా ఎవరూ లేవకపోతే నువ్వూ కూర్చుండిపోకు. ఓవర్‌టైముకు నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు అన్న పరిమితి 2019 ఏప్రిల్ నుంచి పెద్ద సంస్థలకు, మరుసటి ఏడాది నుంచి చిన్నవాటికీ చట్టంగా అమలులోకి వచ్చింది. అయినా పాత అలవాటు చాలాచోట్ల మిగిలే ఉంది. 'ఒసాకి ని షిత్సురే షిమాస్', మీకంటే ముందు వెళ్తున్నందుకు మన్నించండి అని చెప్పి నిశ్చింతగా బయలుదేరు.

భోజనం విషయంలో ఒక్క మాట. 'మాంసం తినను' అంటే చాలదు, చేప అందులోకి రాదు. కూరగాయల పులుసులోనూ తరచుగా ఎండుచేప నుంచి తీసిన 'దాషి' అనే రసం ఉంటుంది, కాబట్టి దాని పేరు చెప్పి అడుగు. కందిపప్పు, చింతపండు నిషికసాయి ప్రాంతంలో దొరుకుతాయి, అక్కడ మన దేశంవారు చాలామంది ఉన్నారు.

ఊరి నుంచి వచ్చినవారు ఆఫీసులో అందరికీ తినుబండారాలు పంచడం అక్కడ ఆనవాయితీ. ఒక్కొక్కటి విడిగా చుట్టి ఉంటే మంచిది. ఆత్రేయపురం పూతరేకులు దానికి సరిగ్గా సరిపోతాయి, నేను తెప్పిస్తాను. అక్కడ మీ విభాగంలో ఎంతమంది ఉన్నారో ఈ వారంలో కనుక్కుని చెప్పు, ఒక్కరికీ తక్కువ కాకూడదు.

ప్రేమతో,
పెద్దమ్మ