సమాధానం: 50 మి.లీ. ఇథనాల్, 50 మి.లీ. నీరు కలిపినప్పటి మొలారిటీ

50 మి.లీ. ఇథనాల్, 50 మి.లీ. నీరు కలిపితే మొలారిటీ (ఒక లీటరు ద్రావణంలో కరిగిన పదార్థపు మోల్‌ల సంఖ్య) ఎంత అని అడుగుతూ, ద్రావణాన్ని 100 మి.లీ.గా తీసుకుని మీరు 8.56 అని లెక్కించారు. ఆ లెక్కలో మోల్‌ల సంఖ్య సరిగానే ఉంది: 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇథనాల్ సాంద్రత 0.789 గ్రా./మి.లీ. కనుక 50 మి.లీ. ద్రవ్యరాశి 39.45 గ్రాములు, దానిని ఇథనాల్ మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు) 46.07 గ్రాములతో భాగిస్తే 0.856 మోల్‌లు వస్తాయి. పొరపాటంతా ద్రావణం ఘనపరిమాణాన్ని 100 మి.లీ.గా తీసుకోవడంలో ఉంది. ద్రవ్యరాశులను కూడవచ్చు గాని ఘనపరిమాణాలను కూడడానికి వీల్లేదు. ఈ మిశ్రమం నిజానికి సుమారు 96 మి.లీ. మాత్రమే ఉంటుంది. అందువల్ల మొలారిటీ మీకు వచ్చిన 8.56 కాదు, దాదాపు 8.9.

తగ్గిన ఆ 4 మి.లీ. ఆవిరైపోయిందా అన్న మీ సందేహం సహజమే, కానీ కారణం అది కాదు. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఖాళీలు ఎక్కువగా ఉండే వల వంటి అమరికలో ఉంటాయి. ఇథనాల్‌లోని హైడ్రాక్సిల్ సమూహం నీటితో కొత్త హైడ్రోజన్ బంధాలను ఏర్పరచుకోగా, దాని హైడ్రోకార్బన్ భాగం ఆ ఖాళీలలో కొంతవరకు ఇమిడిపోవడంతో అణువులు మరింత దగ్గరగా సర్దుకుంటాయి. కలిపిన వెంటనే పాత్ర కొద్దిగా వెచ్చబడటం మీరు గమనించే ఉంటారు. అది ఈ ఆకర్షణల ఫలితమే, కాబట్టి ద్రావణం మళ్లీ 20 డిగ్రీలకు చల్లబడ్డాకే ఘనపరిమాణం చూడాలి. బెంజీన్, టోలుయీన్ వంటి పోలికగల అణువులను కలిపితే ఈ తగ్గుదల దాదాపు కనిపించదు.

ప్రశ్నలో మొలాలిటీ (ఒక కిలోగ్రాము ద్రావణికి మోల్‌ల సంఖ్య; ఇక్కడ ద్రావణి నీరు) అడిగి ఉంటే ఈ చిక్కే ఉండదు: 0.856 మోల్‌లను 0.0499 కిలోగ్రాముల నీటితో భాగిస్తే చాలు, సుమారు 17.2 వస్తుంది.