ఎర్రలు గోడలెక్కుతున్నాయంటే కింద ఏదో బాగాలేదు
(రైతు సందేహాలు – నిపుణుల సలహాలు)

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గరి పల్లె. పెరట్లో కూరగాయల మడి ఉంది. దానికి ఎరువు చేసుకుందామని 3 అడుగుల సిమెంటు రింగు పెట్టి, అడుగున కొబ్బరి పీచు, పెండ వేసి నెలన్నర కింద 1 కిలో ఎర్రలు (వానపాములు) కొనుక్కొచ్చి వేసిన. మొదటి మూడు వారాలు మంచిగనే ఉన్నయి. మా ఆయన రెండు రోజులకోసారి సంతలో మిగిలిన టమాటలు, పుంటికూర, క్యాబేజీ ఆకులు ఒక గంప తెస్తడు. అన్నీ అందులోనే వేస్తున్న. ఇప్పుడు పుల్లటి వాసన వస్తోంది. ఎర్రలు గోడల మీదికి ఎక్కుతున్నయి, పొద్దున చూస్తే కొన్ని కింద పడి ఎండిపోయి ఉంటున్నయి. తెల్లటి సన్న పురుగులు కూడా పట్టినయి. మందు ఏమన్న చల్లాలా? పొలంలో దొరికే ఎర్రలు తెచ్చి కలపొచ్చా? అడుగు నుంచి కారే నల్ల నీళ్లు టమాట మొక్కలకు కొట్టొచ్చా?

జవాబు: అమ్మా, మందు ఏదీ చల్లకండి. టెన్షన్ కూడా పడకండి. మీ ఎర్రలకు రోగం రాలేదు, తిండి ఎక్కువైంది. ఇంటి దగ్గర వానపాములు పెంచేవాళ్లలో పస్తులుంచి చంపుకున్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మీలాగే ప్రేమగా ఎక్కువ పెట్టి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ఒక లెక్క చూడండి. అన్నీ కుదిరితే 1 కిలో ఎర్రలు రోజుకు సుమారు అర కిలో తింటాయి. కొత్త చోటికి వచ్చిన మొదటి నెలలో అంత కూడా తినవు. మీ గంప 8 కిలోలు తూగుతుందనుకుందాం. రెండు రోజులకు 8 కిలోలంటే రోజుకు 4 కిలోలు. అర కిలో తినేవాటి ముందు 4 కిలోలు పోస్తున్నారు. మిగిలింది ఎక్కడికీ పోదు, అక్కడే కుళ్లుతుంది. పైగా అందులో ఎక్కువ భాగం టమాట. టమాటలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. ఆ రసం కిందికి దిగి బెడ్‌లో, అంటే ఎర్రలు ఉండే పీచు, పెండ పొరలో, గాలి ఆడే సందులన్నీ మూసేస్తుంది. గాలి లేనిచోట కుళ్లు కాస్తా పులుపెక్కుతుంది. మీకు వచ్చే వాసన అదే. పుంటికూర దానికి ఇంకొంచెం పులుపు కలుపుతుంది.

ఎర్రకు ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. కింద గాలి ఆడక, పులుపు చర్మాన్ని మండిస్తుంటే పైకి పాకక ఏం చేస్తుంది? రాత్రిపూట గోడ దాటి అవతల పడుతుంది, పొద్దున ఎండకు ఎండిపోతుంది. ఒకటో రెండో ఎప్పుడైనా గోడ మీద కనబడితే పట్టించుకోనక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు కొన్ని రకాలు అలా తిరుగుతాయి. మందలుగా పైకి వస్తున్నాయంటే మాత్రం ఆ రోజే చెయ్యి పెట్టి చూడాలి.

ఇవాళ సాయంత్రం ఎండ దిగాక ఇలా చేయండి. పైన పేరుకున్న తినని చెత్తంతా తీసేయండి. పార, గడ్డపార వాడొద్దు, ఎర్రలు తెగుతాయి. చేతికి ఒక కవరు తొడుక్కొని తీయండి. తీసిన ముద్దలో ఎర్రలుంటే ఏరి పక్కన బకెట్లో పాత పేడ, తడి కొబ్బరి పొట్టు వేసి అందులో వదలండి. తర్వాత రింగు అడుగున నీళ్లు పోయే దారి ఉందో లేదో చూడండి. కింద గచ్చు చేయించి రంధ్రం పెట్టకపోతే అది తొట్టి అయిపోతుంది. రంధ్రం ఉండీ మూసుకుపోతే పుల్లతో తెరవండి. ఆపైన బెడ్‌ను వేళ్లతో పైపైన గుల్ల చేసి, పాత న్యూస్ పేపర్లు, అట్టపెట్టెల ముక్కలు, ఎండిన మక్క బూరు, సగం చివికిన వరిగడ్డి, ఏది ఉంటే అది చిన్నగా చింపి రెండు మూడు పిడికిళ్ల చొప్పున అక్కడక్కడా కలపండి. మెరిసే రంగుల కాగితాలు వద్దు. కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా దంచి ఒక పిడికెడు చల్లితే పులుపు మెల్లగా విరుగుతుంది. గోడలకు వేసే సున్నం మాత్రం వేయకండి, ఘాటుకు చనిపోతాయి. మీద తడి గోనెసంచి కప్పండి. ఇక వారం, పది రోజులు తిండి పెట్టకండి. మీకు కష్టంగా అనిపిస్తుంది కానీ అవి పస్తులుండవు. బెడ్‌లో ఉన్నదే వాటికి చాలా రోజులు వస్తుంది.

తడి చూడ్డానికి పరికరాలేమీ అక్కర్లేదు. బెడ్ మధ్యలోంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధార కారితే నీళ్లు ఎక్కువైనట్టు, పిడికిలి తెరిచాక ముద్ద పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు. మీ రింగుకు ఇప్పుడు నీళ్లు పోసే పనే లేదు.

పది రోజుల తర్వాత మళ్లీ పెట్టడం మొదలుపెట్టండి, కానీ పద్ధతి మార్చండి. రింగును రొట్టెను తుంచినట్టు మనసులో నాలుగు ముక్కలు చేసుకోండి. మొదట ఒక ముక్కలో మాత్రమే, రెండంగుళాల లోతున అర కిలో పెట్టి, పైన కాగితం ముక్కలు కానీ పాత పేడ కానీ కప్పండి. మూడో రోజు పక్క ముక్కలో పెట్టండి. ఇలా తిరిగి మొదటి ముక్క దగ్గరికి వచ్చినప్పుడు అక్కడ తవ్వి చూడండి. అరటి తొక్క పెట్టారనుకోండి, దాని కింద ఎర్రలు ఉండలు చుట్టుకొని ఉంటాయి. తొక్క మెత్తటి భాగమంతా పోయి నార మాత్రం మిగులుతుంది. అలా ఉంటే ఇంకో అర కిలో పెట్టొచ్చు. పెట్టింది పెట్టినట్టే ఉంటే ఆ రోజు ఊరుకోండి. తొక్క పక్కనే ఆవగింజకంటే కొంచెం పెద్దవి, నిమ్మకాయ ఆకారంలో, లేత పసుపు నుంచి కాఫీ రంగు వరకు చిన్న గుళికలు కనబడితే సంతోషించండి, అవి గుడ్ల సంచులు. సుమారు మూడు వారాల్లో ఒక్కో దాంట్లోంచి రెండు మూడు పిల్లలు వస్తాయి. అవి తెల్లగా, దారంలా ఉంటాయి, పురుగులనుకొని పారేయకండి.

మీ 3 అడుగుల రింగు పైభాగం దాదాపు 7 చదరపు అడుగులు. చదరపు అడుగుకు అర కిలో లెక్కన చూసినా మూడు కిలోల పైచిలుకు ఎర్రలు అందులో బతుకుతాయి. అంటే జాగ్రత్తగా సాకితే కొన్ని నెలల్లో ఇదే రింగు ఇప్పటికంటే మూడింతలు తినగలదు. ఆ తిండి ఈ రోజే పెడితే కుదరదు, అవి పెరిగినకొద్దీ మనం పెంచాలి.

ఎర్రకు పళ్లు లేవని గుర్తుంచుకుంటే ఏం పెట్టాలో సగం అర్థమవుతుంది. పచ్చి ఆలుగడ్డను అది కొరకలేదు. సూక్ష్మజీవులు మెత్తబరిచిన దాన్ని పీల్చుకుంటుంది, కడుపులో ఇసుక రేణువులతో నూరుకుంటుంది. అందుకే బీరకాయ, సొరకాయ చెక్కు, అరటి, బొప్పాయి, పుచ్చకాయ తొక్కలు, చాయ్ పత్తా, ఆకుకూరల కాడలు చిన్నగా తరిగి ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి వేస్తే తొందరగా తింటాయి. నిమ్మ చెక్కలు, చింతపండు పిప్పి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పొట్టు, మిరపకాయలు వద్దు. మన దగ్గర మిర్చి ఏరాక మిగిలే తాలు, తొడిమలు ఊరికే ఉన్నాయి కదా అని చాలామంది వేస్తారు, ఆ ఘాటు వాటికి పడదు. మాంసం, పాలు, పెరుగు వేస్తే ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. ఉప్పు, నూనె ఉన్నది అసలే వద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హన్మకొండలో ఇంటి వెనక ఒక టబ్బులో ఎర్రలు పెంచాను. ఇంట్లో ఫంక్షన్ అయిన మర్నాడు మిగిలిన పులిహోర, తొక్కు అందులో వేశాం. మూడో రోజు మూత తీస్తే ఒక్కటీ కదల్లేదు. ఉప్పు వాటి ఒంట్లో నీటిని లాగేస్తుంది. అప్పటినుంచి తాలింపు పెట్టింది ఏదీ వేయొద్దని అందరికీ చెబుతున్నాను.

మరి మీ ఆయన తెచ్చే గంప ఏం చేయాలి? మానేయమని చెప్పను, అది మంచి సరుకు. రింగుకు దూరంగా ఒక మూల, జానెడు మందాన ఎండుగడ్డి లేదా ఎండాకులు పరచి, దానిమీద సంత చెత్త, దానిమీద పలుచగా పేడ, మళ్లీ గడ్డి, ఇలా పొరలుగా కుప్ప వేయండి. రెండు మూడు రోజుల్లో లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడి రింగులో పుడితే ఎర్రలు ఉడికిపోయేవి. 15, 20 రోజుల్లో వేడి దిగి, రంగు మారి, కుప్ప సగానికి కుంగుతుంది. చల్లగా అనిపించాక అందులోంచి కొద్దికొద్దిగా రింగులో వేయండి. పచ్చి పేడకూ ఇదే మాట. తాజా పేడ వేడి పుట్టిస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు ఆరిన పేడే వాడండి. ఇంకొకటి, బర్రెలకు నట్టల మందు తాపినా, ఇంజక్షన్ ఇప్పించినా ఆ తర్వాత కొన్ని వారాల పేడ వేరే పక్కకు వేయండి. పశువు కడుపులోని పురుగులను చంపే మందు పేడలోనూ కొంత వస్తుంది.

తెల్ల పురుగుల గురించి అడిగారు. ఎగిరే సన్న ఈగలు, దుమ్ములా కదిలే నల్లులు, పొట్టి తెల్ల దారాల్లాంటి పురుగులు, ఇవన్నీ తడి, పులుపు ఎక్కువైన చోటే పెరుగుతాయి. ఎర్రలను తినవు. బెడ్ ఆరితే వాటంతట అవే తగ్గుతాయి. చూడ్డానికి చిరాగ్గా ఉంటే రాత్రి ఒక పుచ్చకాయ తొక్క బోర్లించి, పొద్దున దానికి పట్టినవాటితో సహా తీసి కోళ్లకు వేయండి. బూడిద రంగులో లావుగా ఉండే పురుగులు కనిపిస్తే అవి ఒక రకం ఈగ పిల్లలు, వాటికీ భయపడొద్దు. భయపడాల్సింది ఎర్రచీమలకు, కోళ్లకు. చీమలు బెడ్ ఎండిన చోటికే వస్తాయి. రింగు చుట్టూ సన్నటి నీటి కాలువ ఉంచితే దాటవు. చీమల పొడి మందు దగ్గర్లో కూడా చల్లకండి. కోళ్లకు ఒక వల చాలు.

పొలంలో దొరికే ఎర్రలను తేవొద్దు. అవి మట్టి తింటూ లోతుగా బొరియలు చేసుకొని బతికేవి, చెత్తలో నిలవవు. అక్కడ వాటి పని వేరే ఉంది, పొలంలోనే ఉండనివ్వండి. ఎరువుకు వాడేవి పైపొరలో ఉండి చెత్త తినే రకాలు. మన దగ్గర ఎక్కువగా ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే దొరుకుతాయి. మళ్లీ కొనాల్సి వస్తే వరంగల్ దగ్గర మామునూరులోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి, రకం తెలిసి తెచ్చుకోవచ్చు.

ఇక ముందున్నది ఎండాకాలం. వరంగల్‌లో మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. బెడ్ 30 డిగ్రీల లోపు ఉంటే ఎర్రలకు హాయి, 35 దాటితే ప్రమాదం. మీ రింగు రేకుల కింద ఉంటే ఇప్పుడే మార్చండి, రేకు కింద నీడ కూడా వేడే. వేప, మామిడి చెట్ల కిందో, తాటాకు పందిరి కిందో మంచిది. గోనెసంచిని పొద్దున, సాయంత్రం తడపండి, బెడ్‌లోకి నీళ్లు గుమ్మరించొద్దు. ఎండ ముదిరే రెండు నెలలు తిండి సగానికి తగ్గించండి.

అడుగు నుంచి కారే నల్ల నీళ్లను చాలామంది వర్మీవాష్ అంటారు కానీ అది కాదు. వర్మీవాష్ అంటే పండిన ఎరువులోంచి, ఎర్రలు ఉన్న పొరలోంచి శుభ్రమైన నీటిని చుక్కచుక్కగా దింపి పట్టేది. మీ దగ్గర ఇప్పుడు కారుతున్నది కుళ్లిన టమాట రసం. అది పుల్లగా ఉంటుంది, మొక్కల మీద కొట్టకండి. పైన చెప్పిన కుప్ప మీదే పోసేయండి. మూడు నెలల తర్వాత బెడ్ చాయ్ పత్తాలా నల్లగా, పొడిగా, తడి మట్టి వాసనతో తయారైనప్పుడు, మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపి, పొద్దుటి వెలుతురులో పట్టా మీద చిన్న చిన్న కుప్పలుగా పోయండి. వెలుతురుకు ఎర్రలు కిందికి దిగిపోతాయి. పైన ఉన్నది తీసి జల్లెడ పట్టి, టమాట మొక్క మొదట్లో మొక్కకు రెండు పిడికిళ్లు వేసి మట్టి కప్పండి. అడుగున ముద్దగా చేరిన ఎర్రలను వెంటనే రింగులోకి వదలండి.