మూడు జతలు కొన్నా మడమ నొప్పి తగ్గలేదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రోజూ ఓ గంట నడిచే అలవాటు ఉండేది. ఏడు నెలల నుంచి కుడి మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుంది, పది అడుగులు వేశాక కాస్త నయం, మళ్లీ కాసేపు కూర్చుని లేస్తే అదే కథ. ఎక్స్‌రే తీసి మడమ కింద ఎముక పెరిగిందన్నారు. మెత్తటి షూ వేసుకోమంటే ఇప్పటికి మూడు జతలు కొన్నాను, ఒకదాన్ని మించి ఒకటి మెత్తన. షాపులో దూది మీద నిలబడినట్టే ఉంటుంది, నెల తిరక్కుండా నొప్పి మళ్లీ మొదలు. ఇప్పుడు బొటనవేలి గోరు కూడా నల్లబడింది. ఇంతకీ నేను ఏ కంపెనీ షూ కొనాలి? ఒక్క పేరు చెప్పండి చాలు.

జవాబు: పేరు చెప్పను, కోప్పడకండి. ఒకే కంపెనీలో ఒక మోడల్ వెడల్పుగా, పక్క మోడల్ సన్నగా ఉంటుంది, పైగా పోయినేడు బాగున్న మోడల్‌ని ఈ ఏడు ఏదో ఒకటి మార్చేసి అదే పేరుతో అమ్ముతుంటారు. నాకు సరిపోయిన షూ మీకు సరిపోతుందని చెప్పడం, నా కళ్లజోడు మీకిచ్చి చదువుకోమన్నట్టే.

మీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది ఆ నల్లబడ్డ గోరు మీద. షూ పొట్టిదైనా, మరీ వదులై పాదం ముందుకు జారుతున్నా, దిగుడులో నడిచేటప్పుడు వేలు వెళ్లి షూ ముందుభాగానికి గుద్దుకుంటుంది, గోరు కింద రక్తం చిట్లుతుంది. (గోరు పెరిగేకొద్దీ ఆ నలుపు కూడా ముందుకు జరుగుతూ పోవాలి. జరక్కపోతే డాక్టరుకి చూపించండి, అది వేరే సంగతి కావచ్చు.) అంటే మూడు జతలూ మెత్తదనం చూసి కొన్నారు గానీ సైజు మాత్రం ఎప్పుడో తెలిసిన నంబరే చెప్పారని నా అనుమానం. వయసు పెరిగేకొద్దీ పాదంలో ఎముకల్ని పట్టి ఉంచే కట్లు కాస్త వదులై, పాదం కొంచెం పొడవూ వెడల్పూ అవుతుంది. పాతికేళ్లప్పుడు చెప్పిన నంబరు యాభైలో చెప్తే ఎలాగండీ.

కాబట్టి కొత్త జత కొనేముందు ఈ పని చేయండి. సాయంత్రం పూట, అంటే రోజంతా తిరిగి పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయించుకోండి. కూర్చుని గీస్తే లాభం లేదు, బరువు పడితేనే పాదం అసలు కొలత తెలుస్తుంది. రెండు పాదాలూ గీయండి, చాలామందికి ఒకటి పెద్దదిగా ఉంటుంది, ఆ పెద్దదాని కొలతకే కొనాలి. కొంతమందికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగు, అలాంటప్పుడు ఆ వేలినుంచే లెక్క. పొడుగు వేలికీ షూ ముందు అంచుకీ మధ్య మీ బొటనవేలి వెడల్పంత, ఓ సెంటీమీటరు పైచిలుకు ఖాళీ ఉండాలి. షాపుకి వెళ్లినప్పుడు నడిచేటప్పుడు వేసుకునే సాక్సే తొడుక్కుని వెళ్లండి, షూ లోపలి అట్ట, అదే ఇన్‌సోల్, బయటికి తీసి దాని మీద నిలబడి చూడండి. పాదం పక్కలకి పొర్లిపోతోందంటే ఆ షూ ఇరుకు, ఇంక వేసుకుని చూడనక్కర్లేదు.

నంబర్ల గొడవ కూడా ఒకటుంది. బ్రిటిష్ సైజుల్లో ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ సైజుల్లో ఆ తేడా 6.7 మిల్లీమీటర్లే. అందుకే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి రాసిన పట్టికలు కచ్చితంగా కలవవు. సెంటీమీటర్లలో మీ పాదం పొడవు తెలిసి ఉంటే సగం తలనొప్పి పోతుంది.

ఇక మెత్తదనం. అరికాలి కింద మడమ ఎముక నుంచి వేళ్ల దాకా ఒక దళసరి పట్టీ ఉంటుంది. మీరు రాసిన లక్షణాలు, ముఖ్యంగా ఆ మొదటి అడుగు నొప్పి, ఆ పట్టీ మడమ దగ్గర దెబ్బతిన్నప్పుడు కనిపించేవే, దాన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. రాత్రంతా బిగుసుకుని ఉన్నది పొద్దున ఒక్కసారి సాగేసరికి అలా పోటు వస్తుంది. మీ షూ మరీ మెత్తనైతే పాదం అందులోకి దిగబడి అటూ ఇటూ ఒరుగుతుంది, పట్టీ మీద లాగుడు తగ్గదు. పైగా అలాంటి షూ లోపల ఉండే మెత్తటి నురుగు, అదే మెమరీ ఫోమ్, మీ బరువుకి కొన్నాళ్లకే అణిగిపోతుంది. షాపులో దూదిలా ఉన్నది నెలకి అట్టలా అయ్యిందంటే కారణం అదే. మీకు మడమ కింద మెత్తన, దాని చుట్టూ గట్టిదనం, రెండూ కలిసి ఉన్న షూ కావాలి. చేతిలోకి తీసుకుని మడమ వెనక కప్పులా ఉన్న భాగాన్ని రెండు వేళ్లతో నొక్కండి, సులువుగా చదునైపోకూడదు. ముందూ వెనకా పట్టుకుని వంచండి, మన వేళ్లు వంగే చోటే వంగాలి, నడిమధ్య మడత పడితే పక్కన పెట్టేయండి. తడిబట్ట పిండినట్టు మెలిపెడితే పూర్తిగా తిరిగిపోయేది కూడా వద్దు. మడమ వైపు ముందుకన్నా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుంటే పిక్క మీద, ఆ పట్టీ మీద లాగుడు కొంత తగ్గుతుంది, కాబట్టి పూర్తిగా సమతలంగా ఉండే సన్నటి సోల్ రకాల జోలికి ఇప్పట్లో వెళ్లకండి.

ఎముక పెరిగిందని టెన్షన్ పడకండి. నొప్పే లేని ఎంతోమంది ఎక్స్‌రేల్లో ముల్లులా పెరిగిన ఆ ఎముక కనిపిస్తుంది, నొప్పితో అల్లాడే వాళ్లలో కొందరికి అసలుండదు.

ఇంకో మాట, షూ ఒక్కటే ఈ నొప్పిని తీసేయదు. పొద్దున మంచం దిగకముందే కాలు మీద కాలు వేసుకుని, నొప్పి ఉన్న కాలి వేళ్లని చేత్తో మోకాలి వైపు వెనక్కి లాగి 10 సెకన్లు పట్టుకోండి, అలా 10 సార్లు, రోజుకి మూడు విడతలు. పిక్కలు సాగదీసే వ్యాయామం కూడా చేయండి. ఇంట్లో గట్టి నేల మీద వట్టికాళ్లతో తిరగడం మానేసి, మడమ దగ్గర పట్టు ఉన్న జత ఒకటి లోపల వాడుకోవడానికి వేరే పెట్టుకోండి, గంట నడకకి మంచి షూ వేసుకుని మిగతా రోజంతా ఉత్త కాళ్లతో తిరిగితే ప్రయోజనం ఏముంది. కొలతలు తీసి చేయించే ఖరీదైన ఇన్‌సోళ్లకి ఇప్పుడే పరిగెత్తొద్దు, మడమ నొప్పి విషయంలో అవి రెడీమేడ్ వాటికన్నా పెద్దగా మెరుగని పరిశోధనల్లో తేలలేదు. ఇది నెలలు పట్టే వ్యవహారం, ఎక్కువమందికి ఏడాదిలోపు తగ్గుతుంది. రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, వాచినా, తిమ్మిరెక్కినా, కాలు కిందపెట్టలేకపోయినా మాత్రం ఆగకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అన్నట్టు, "వాడుతుంటే అదే సర్దుకుంటుంది" అని ఎవరైనా అంటే ఆ షూ అక్కడే వదిలేసి రండి. నాకూ ఒకసారి అలాగే చెప్పి అంటగట్టారు. నిజమే, రెండు నెలలకి సర్దుకుంది. షూ కాదు, నా చిటికెనవేలు, ఆనెకాయతో సహా.

ప్రశ్న: నాకు మడమ బాగానే ఉంది, ముందుపాదమే మంట. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య రాయి ఇరుక్కున్నట్టుంటుంది, విప్పి చూస్తే ఏమీ ఉండదు. షూ తీసేసి వేళ్లు నలుపుకుంటే హాయిగా ఉంటుంది. షూ మార్చాలా?

జవాబు: మార్చాలి. ఆ రెండు వేళ్ల మధ్య నరం ఒత్తిడికి దళసరెక్కితే సరిగ్గా ఇలాగే ఉంటుంది, మోర్టన్స్ న్యూరోమా అంటారు, డాక్టరు నొక్కి చూసి చెప్పగలరు. మొన దేరిన షూ, ఎత్తు మడమ రెండూ మానేయండి. వేళ్లు లోపల విడివిడిగా కదిలేంత వెడల్పు ఉండాలి. చాలామంది వెడల్పు కోసం ఒక నంబరు పెద్దది కొంటారు, అప్పుడు మడమ జారుతుంది, వేళ్లేమో పట్టు కోసం ముడుచుకుంటాయి, నొప్పి ఇంకా ఎక్కువ. కొన్ని కంపెనీలు ఒకే పొడవులో 2ఈ, 4ఈ అని వెడల్పు రకాలు చేస్తాయి, అవి అడగండి. ముందుపాదం కింద పెట్టే చిన్న మెత్తలు దొరుకుతాయి, వాటిని నొప్పి ఉన్న చోట పెట్టకూడదు, దానికి కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. అప్పుడే ఎముకలు విడివడి నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. కింది రంధ్రాల దగ్గర లేసు వదులు చేసి పైన మాత్రమే బిగించి చూడండి, కొంతమందికి ఆ ఒక్క మార్పుతోనే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 71. ఇరవై ఏళ్ల నుంచి షుగర్. ఆయనకి పాదాల నొప్పి అసలు లేదు, ఏ షూ వేసినా బాగుందనే అంటారు. అలాంటప్పుడు ఇవన్నీ చూడాలా?

జవాబు: అందరికన్నా ఎక్కువ చూడాల్సింది ఆయనకే. ఏది వేసినా బాగుందంటున్నారంటే పాదాలకి స్పర్శ తగ్గి ఉండొచ్చు. షూ కరిస్తే మనకి వెంటనే తెలుస్తుంది, ఆయనకి తెలియదు, బొబ్బ పుండయ్యాక సాక్స్ తడిస్తే తెలుస్తుంది. ముందు డాక్టరుతో స్పర్శ పరీక్ష చేయించండి, సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా ఆనించి చూస్తారు, రెండు నిమిషాల పని. షూ ఎంచుకునేటప్పుడు ఆయన మాట నమ్మకుండా కాగితం మీద గీత, ఇన్‌సోల్ చూసి మీరే నిర్ణయించండి. లోపల కుట్లు తగలకూడదు, లోతు ఎక్కువ ఉండాలి. వేసుకునే ముందు ప్రతిసారీ షూ తిరగేసి దులిపి, చెయ్యి పెట్టి తడిమి చూడాలి, లోపల చిన్న రాయి ఉన్నా రోజంతా దాని మీదే నడిచేస్తారు పాపం. కొత్త జత మొదట్లో రోజుకి ఓ గంటే, విప్పగానే పాదాలు చూడండి, ఎర్రబడిన చోటు ఉంటే ఆ షూ వద్దు. ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగనివ్వకండి.

ప్రశ్న: తడి పాదం నేల మీద వేస్తే నాది చదును పాదమని తేలింది. దానికి తగ్గ ప్రత్యేకమైన షూ కొనాలంటున్నారు. నిజమా?

జవాబు: నొప్పి లేకపోతే ఆ అచ్చు చూసి కంగారు పడక్కర్లేదు. 2009, 2010లలో అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్లలో కొత్తగా చేరినవాళ్లకి పాదం వంపు చూసి దానికి తగ్గ రకం షూ ఇచ్చి చూశారు, వంపు చూడకుండా ఒకే రకం ఇచ్చినవాళ్లతో పోలిస్తే గాయాలు తగ్గలేదు. వేసుకుని గట్టి నేల మీద పది నిమిషాలు నడవండి (షాపులో తివాచీ ఉంటే దాని మీంచి దిగి మరీ), బాగున్నదే కొనుక్కోండి.

ప్రశ్న: వాకింగ్ షూ ఎన్నాళ్లకి మార్చాలి? పైకి కొత్తగానే ఉంది.

జవాబు: పైన చూడకండి, సోల్ లోపలి నురుగు ముందు చచ్చిపోతుంది. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు అంటారు. రోజుకి 4 కిలోమీటర్లు నడిస్తే నాలుగు నుంచి ఏడు నెలలు. షూని బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి, ఒక పక్కకి ఒరిగి ఉంటే దాని పని అయిపోయినట్టే.