నాపబండల మీద టైల్సు వేయించాలా?

ప్రశ్న: కడప పాత పట్టణంలో మా నాన్నగారు 1978లో కట్టించిన ఇటుక గోడల ఇల్లు ఉంది. అమ్మ పోయాక ఇల్లు ఖాళీగా ఉండడంతో అమ్మేద్దామని అన్నయ్య, నేను అనుకున్నాము. నేలంతా నల్ల నాపబండలే. గోడలు మోకాలి ఎత్తు దాకా చెమ్మగా ఉండి, రంగు ఉబ్బి తెల్లటి పొడి రాలుతోంది. హాలు కప్పుకు ఒకచోట మరక ఉంది. వీధిలో సిమెంటు రోడ్డు మూడుసార్లు వేయడంతో, ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాము. బండలను ఒక మూల యాసిడ్‌తో కడిగిస్తే అక్కడ నలుపు పోయి తెల్లబారింది. సిమెంటు పూత, పుట్టీ, రంగు, టైల్సు అన్నీ నెలలో ముగించి అమ్మకానికి పెడదామని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: టైల్సు వద్దు. మీ అన్నయ్యగారి తొందర నాకు అర్థమవుతోంది గాని, మీరు డబ్బు పెట్టవలసింది నేల మీద కాదు, గోడల అడుగుభాగం మీద, మిద్దెపై నీరు పోయే దారి మీద.

మీరు మాటవరుసకు రాసిన రోడ్డు సంగతిలోనే అసలు కారణం ఉంది. వీధి ఎత్తు పెరిగి గోడ అడుగుభాగం మట్టిలో పూడుకుపోయినప్పుడు, దీపపు వత్తికి నూనె ఎక్కినట్టు ఇటుకల్లోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి ఎక్కుతుంది. ఆ నీటితోపాటు మట్టిలోని ఉప్పు కూడా వచ్చి, గోడ ముఖాన తేమ ఆరిపోగానే గట్టిపడి రంగును బయటికి తోస్తుంది. మీకు కనిపిస్తున్న తెల్లటి పొడి అదే. దాని మీద సిమెంటు పూత వేస్తే నీరు ఆగదు. ఆరే దారి మూసుకుపోయినందువల్ల ఇంకా పైకి ఎక్కి, ఇప్పుడు మోకాలి దాకా ఉన్న చెమ్మ తర్వాత నడుము దాకా వస్తుంది. 2009 అక్టోబరులో కర్నూలును వరద ముంచినప్పుడు మా బంధువుల ఇల్లు కూడా మునిగింది. గోడలు ఆరకముందే వాళ్లు సిమెంటు పూత వేయించారు. రెండేళ్లు తిరగకముందే ఆ పూత అప్పడంలా ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని వెనకాల ఇటుకను వేలితో గీకితే రవ్వలా రాలడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి ముందు మీ స్థలంలో ఉన్నంత మేర గోడ వెంబడి పేరుకున్న మట్టిని లోపలి నేల మట్టానికి కనీసం అర అడుగు కిందికి తీయించి, వాననీరు గోడకు దూరంగా పారేటట్టు వాలు పెట్టించండి. రోడ్డును తవ్వడం మన చేతిలో లేదు గనుక వీధి వైపు గోడకు మాత్రం కొంత చెమ్మ మిగులుతుంది. చెమ్మ గుర్తుకు అడుగు పైదాకా లోపలి పూతను కొట్టించి, పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. ఆ తరువాత ఆరనివ్వాలి. అంగుళం మందానికి సుమారు నెల అని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరినా నాలుగైదు నెలలు కావాలి. మన కడప ఎండలు ఈ ఒక్క పనికి వరమే కనుక, మాఘమాసంలో పూత కొట్టిస్తే వానలు మొదలయ్యే లోపల గోడ చాలావరకు ఆరుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు నీటి బిందువులు కనిపిస్తే ఇంకా ఆగాలి. ఆరిన గోడకు సున్నపు గార వేయించి, సున్నమే కొట్టించండి. సున్నం తేమను బయటికి పోనిస్తుంది. సున్నపు పని తెలిసిన బేల్దారి దొరకడం ఇప్పుడు కష్టమే, అయినా వెతకండి.

కప్పు సంగతి. మరక దగ్గర వేలి కణుపులతో అందినంత మేర తట్టి చూడండి. బోలుగా మోగినా, తుప్పు పట్టిన చువ్వలు కనిపించినా ఇంజినీరుకు చూపించకుండా ముందుకు పోవద్దు, ఎందుకంటే తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. గట్టిగా ఉంటే మిద్దెపైన తూములు శుభ్రం చేయించి, పిట్టగోడ మొదట్లోని పగుళ్లు పూడ్పించండి. చాలా ఇళ్లలో కారుడు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇక మీ నాపబండలు. అవి సున్నపురాయి. అందుకే యాసిడ్ పడగానే బుసబుసమని పొంగి, రాతి ముఖాన్నే తినేసింది. వంటగట్టు మీద నిమ్మరసం చుక్క పడి ఆరిన చోట మెరుపు పోయిన మచ్చ మీరు చూసే ఉంటారు, ఇది కూడా అదే, కాకపోతే పెద్దది. ఆ మచ్చ తుడిస్తే పోదు, పాలిషు యంత్రంతో పైపొరను అరగదీయించాలి. మొత్తం నేలను మొదట గరుకు రాళ్లతో, తరువాత నున్నటి రాళ్లతో పట్టించి, సందులు కొత్తగా పూడ్పిస్తే నలభై ఏళ్ల మురికి వదిలి, అద్దంలాంటి నల్లదనం తిరిగి వస్తుంది. టైల్సు పరిస్తే నేల మరికొంత ఎత్తై తలుపుల అడుగు కోయవలసి వస్తుంది, ఇంటికున్న అందమూ కప్పడిపోతుంది. ఈ రాతి పేరుతోనే కడప ఊరు దేశమంతటా తెలుసు; దాన్ని కడపలోనే దాచిపెట్టడం నాకు బాధ కలిగించే విషయం.

అమ్మేవారిగా మీకు ఇంకొక బాధ్యత ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పి తీరాలి. పుట్టీ కింద చెమ్మను కప్పి అమ్మడం ఆ పరిధిలోకి వచ్చే ప్రమాదం ఉంది. అంత కాలం ఆగలేకపోతే రంగులేవీ వేయకుండా, ఇల్లు ఊడ్చి, బండలు పాలిషు పట్టించి, చెమ్మ సంగతి నోటితో చెప్పి ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి.

ప్రశ్న: అనంతపురంలో పాత ఇల్లు కొన్నాము. తలుపులకున్న పాత రంగు గీకించి చేరదామంటే, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పరవాలేదా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పాప ఇంట్లో ఉండగా గీకించవద్దు. మన దేశంలో రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నియమం 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. ఆ దుమ్ము నేల మీద పడితే, పాకే వయసు పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. రంగు గట్టిగా అంటుకుని ఉంటే దాని మీదే కొత్త రంగు వేయించండి. గీకక తప్పదంటే తలుపులు ఊడదీసి ఆరుబయట పెట్టించి, ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దించండి. రాలినదంతా పాత గోనెపట్టా మీద పడేటట్టు చూసి, దాన్ని మూటగట్టి పారేయించి, ఇంట్లో నేలను రెండుసార్లు తడిగుడ్డతో తుడిపించిన తరువాతే పాపను తీసుకురండి.