ట్యాగ్ తగిలినా ఏడ్చే మూడేళ్ల పాపని నిద్రపుచ్చేదెలా?
బట్టల ట్యాగ్ తగిలినా, మిక్సీ మోగినా ఏడ్చే మూడేళ్ల పాప అర్ధరాత్రి దాటినా పడుకోవట్లేదని అడిగారు. అది మొండితనం కాదండీ, మనం పట్టించుకోని చిన్న చప్పుడు, దుప్పటి గరుకు తనకి నిజంగానే భరించలేనంతగా తెలుస్తాయి. ముందు పాప పక్క మీద మీరే ఓసారి పడుకుని చూడండి: ఏసీ మీద వెలిగే చిన్న లైటు, ఫ్యాన్ కిర్రుమనడం అప్పుడు తెలుస్తాయి. నైట్‌డ్రెస్ కుట్లు గుచ్చుకుంటుంటే తిరగేసి తొడగండి. పడుకునే గంట ముందే టీవీ, ఫోన్ కట్టేసి పడుకునే ముందు చేసే పనుల్లో రోజూ ఒకే వరస పాటించండి. కొందరు పిల్లలకి మెల్లగా నిమిరితే చిరాకు, గట్టిగా హత్తుకుంటే హాయి. హత్తుకున్నట్టు ఉండేలా లోపల బరువు నింపి కుట్టే దుప్పట్లు (వెయిటెడ్ బ్లాంకెట్లు) మాత్రం పిల్లల థెరపిస్ట్‌ని అడగకుండా వద్దు. ఈ వయసుకి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. గురక ఉన్నా, నిద్రలో కాళ్లు తెగ కదుపుతున్నా డాక్టర్‌కి చూపించండి, ఒంట్లో ఐరన్ తక్కువైనా కాళ్లు అలా కదపొచ్చు.