నాన్నకి ఆఖర్న తెలిసింది

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మావారి తాతగారు ఇచ్ఛాపురం వైపు నుంచి పట్టు నేతకి ఇక్కడికొచ్చారు. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ నడిపే ఆయన నాడె ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. మా అబ్బాయి ఎనిమిదేళ్లుగా జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాడు. నాకు ముందే చెప్పాడు. మావారికి మాత్రం ఒక పెళ్లిలో బంధువుల నోట తెలిసింది. ‘వేరే దేశం విలువలకి కట్టుబడతానని సంతకం పెట్టినవాడికి రేపు మనమేం గుర్తుంటాం’ అని మూడు నెలలుగా వాడితో మాట్లాడట్లేదు. మొన్న వీడియో కాల్‌లో నాలుగేళ్ల మనవరాలు నన్ను ‘ఓమా’ అంది, జర్మన్‌లో బామ్మని అలా అంటారట. వాడు చిన్నప్పుడు పక్కింటి ఒడియా పిల్లల్లాగే మా అత్తగారిని ‘జేజేమా’ అంటే ఆవిడ మురిసిపోయేది. నేను ఫోను పెట్టేసి ఏడ్చాను. ఎవరి వైపు నిలబడను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పౌరసత్వం కన్నా ముందు నాకు గుచ్చుకున్నది ఆ పెళ్లి సంగతి. నలుగురిలో భోజనాల దగ్గర కూర్చున్న తండ్రికి కొడుకు ఇంత పెద్ద నిర్ణయం పరాయివాళ్లు చెప్తే తెలియడం చిన్న దెబ్బ కాదు. మీవారు దేశం పేరుతో కోప్పడుతున్నారు గానీ, ఆ కోపంలో సగం ‘నన్ను లెక్క చేయలేదు’ అన్నదే అనుకుంటున్నాను. ఆ తప్పు మీ అబ్బాయిదే. ముందే తెలిసీ ఊరుకున్నందుకు కొంత మీది కూడా. ఇద్దరూ ఆయన దగ్గర ఒప్పుకోవాలి.

ఇక ఆ సంతకం సంగతి. జర్మనీలో పౌరసత్వం కావాలంటే వాళ్ల భాష ఒక స్థాయి వరకు రావాలి. ఆ దేశపు చట్టం, సమాజం మీద పరీక్ష ఉంటుంది. 33 ప్రశ్నల్లో 17కి సరిగ్గా జవాబు చెప్పాలి. వాళ్ల రాజ్యాంగాన్నీ చట్టాలనీ గౌరవిస్తాననీ, దేశానికి హాని చేయననీ ప్రమాణం చేయాలి. ఆడా మగా సమానమని నడవడిలో ఒప్పుకోనివాళ్లకి పౌరసత్వం ఇవ్వరు. హిట్లరు కాలంలో యూదులకి జరిగిన ఘోరాల విషయంలో ఆ దేశం మోస్తున్న బాధ్యతని తానూ ఒప్పుకుంటున్నానని 2024 నుంచి చెప్పాలి. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో, ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో ఆ ప్రమాణంలో లేదు. సమానత్వం, మతస్వేచ్ఛ, ఎన్నికలు, కోర్టులు మన రాజ్యాంగంలోనూ ఉన్నవే.

మీవారికి ఇంకో మాట తెలియాలి. 2024 జూన్ 27 నుంచి జర్మనీ పాత పౌరసత్వం వదులుకోమని అడగడం లేదు. రెండు పౌరసత్వాలు కుదరవంటున్నది మన చట్టం. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం ఆ మాటే చెబుతాయి. అందువల్ల మీ అబ్బాయి పౌరసత్వం రాగానే మన పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. దాంతో వీసా గొడవ లేకుండా ఎప్పుడైనా రావచ్చు. ఇక్కడ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేడు, వారసత్వంగా మాత్రం పొందవచ్చు. ఓటు పోవడం ఆయనకి బాధగా ఉంటే అది న్యాయమైన బాధే. ‘ఏం పోయిందిలెండి’ అనకండి.

నేను పర్లాకిమిడిదాన్ని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా తాతలు గడప దాటకుండానే మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు కాకుండా పోయారు. గిడుగు రామమూర్తిగారు ఆ బాధ భరించలేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లారు. అంతకు ముందు ఏళ్ల తరబడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల చదువు కోసం పుస్తకాలు రాసిందీ ఆయనే. పరాయి భాషని అంత ప్రేమగా నేర్చుకున్న మనిషికి సొంత నేల మీద అంత మమకారం ఉంది. మీ అబ్బాయి విషయంలో నేను భయపడని కారణం ఇదే.

మీ ఊళ్లో ఠాకురాణి యాత్ర చూడండి. అమ్మవారు పుట్టింటికి వచ్చేది తెలుగు నేతవారి దేశిబెహరా వీధికే. ఊరంతా, ఒడియావాళ్లూ మనవాళ్లూ కలిసి వేషాలు కడతారు. వచ్చినవాళ్లు ఊరి భాష నేర్చుకున్నారు, ఊరు వాళ్ల అమ్మవారిని తనదనుకుంది. అయితే అందులో మీ ఇంటికి నష్టం కూడా జరిగింది. ఒడియా మీడియంలో చదివిన మీవారికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదని ఉత్తరం చివర రాశారు. మనవరాలి విషయంలో ఆయన భయం అక్కణ్ణుంచే వస్తోందేమో. తనకి పోయింది మళ్లీ పోతుందని.

ఎవరి వైపూ నిలబడకండి. మధ్యలో ఒకరి మాట ఇంకొకరికి మోయడం కూడా ఈరోజే మానేయండి. అబ్బాయిని నేరుగా వాళ్ల నాన్నకి ఫోను చేయమనండి. మొదటి మాట క్షమాపణ కావాలి, సమర్థన కాదు. తర్వాత ఆ ప్రమాణాన్ని తెలుగులో వివరించి చెప్పమనండి. ‘నిజంగా నమ్మే అంటున్నావా, కాగితం కోసమా’ అని మీవారు అడిగితే అడ్డు పడకండి. తండ్రి అడగాల్సిన ప్రశ్నే అది. కాగితం కోసమే అయితే నాకూ కోపమే వస్తుంది.

పాప ‘ఓమా’ అన్నందుకు చిన్నబోకండి. పలకండి, మీ అత్తగారు పలికినట్టే. పలికాక ‘నాన్నమ్మ’ అనడం నేర్పండి. ఆదివారం పావుగంట అక్షరాలు దిద్దించండి. ఆ పావుగంట మీవారిని కూడా పక్కన కూర్చోమనండి, ఆయనా పాపతో పాటు దిద్దుతారు. వచ్చే యాత్రకి వాళ్లని రమ్మనండి. దేవుడి గూట్లోని నాడె తీసి పాప చేతికి ఆయన్నే ఇవ్వమనండి.

ఈ జవాబు ఆయనకి మీరే చదివి వినిపించండి. మీ తప్పు గురించి రాసిన వాక్యం దాటేయకండి.