మొదటిసారి ఏమీ కాలేదంటే అలర్జీ లేదని కాదు

రెండేళ్ళ కిందట ఇదే యాంటీబయాటిక్ వాడితే ఏమీ కాలేదని, ఈసారి రెండో మాత్రకే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయని, మరి దీన్ని అలర్జీ అనవచ్చా అని మీరు అడిగారు. అయ్యుండవచ్చు. మొదటిసారి ఊరుకోవడం అలర్జీకి అలవాటే. నాకు ఈ సంగతి ఒక కందిరీగ నేర్పింది.

మొదటిసారి కుట్టినప్పుడు బొటనవేలు వాచి, రెండు రోజుల్లో తగ్గింది. మరుసటి ఏడాది మెడ మీద కుట్టింది. ఐదు నిమిషాలు కాకముందే అరచేతులు దురద పెట్టాయి. కుట్టింది మెడ మీదైతే అరచేతులకేమైందని నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత పొట్ట మీద దద్దుర్లు లేచి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. గొంతు బొంగురుపోయింది. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. ఆసుపత్రిలో తొడకు ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇంజెక్షన్ ఇచ్చారు. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, కానీ ఊపిరి ఆడింది. తగ్గింది కదా, ఇంటికి వెళ్తానంటే పంపలేదు. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుందట.

జరిగింది ఇదీ. మొదటిసారి కుట్టినప్పుడే నా ఒళ్ళు ఆ విషంలోని ప్రోటీన్లను శత్రువులుగా గుర్తుపెట్టుకుని, ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేసుకుంది. అవి వెళ్ళి మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని కూర్చున్నాయి. చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే ఈ కణాల నిండా హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. అదే ప్రోటీన్ రెండోసారి వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలకు తగులుకోగానే కణం తన సరుకంతా బయటికి కక్కేస్తుంది. హిస్టమిన్ వల్ల సన్నని రక్తనాళాలు వెడల్పై, వాటిలోంచి నీరు ఊరుతుంది. చర్మంలో అయితే అది దద్దురు, గొంతులో అయితే వాపు. ఒళ్ళంతా ఒక్కసారే జరిగితే రక్తపోటు పడిపోతుంది.

ఈ వింత కొత్తదేమీ కాదు. గత శతాబ్దం మొదట్లో షార్ల్ రిషే, పోల్ పోర్టియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు సముద్రజీవుల విషంతో కుక్కలపై ప్రయోగాలు చేశారు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఇస్తే నిమిషాల్లో చనిపోయింది. దీనికే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

తర్వాత నాకు చర్మపరీక్ష చేశారు. ముంజేతి మీద ఒక్కొక్క చుక్క వేసి సూదితో గిల్లారు. పావుగంటలో విషం చుక్క దగ్గర దోమ కుట్టినట్టు ఉబ్బింది. పక్కనే ఉత్త హిస్టమిన్ చుక్క కూడా వేస్తారు. అది ఉబ్బకపోతే పరీక్షను నమ్మలేం. హిస్టమిన్ పనిని అడ్డుకునే యాంటీహిస్టమిన్ మాత్రలను కొన్ని రోజుల ముందే ఆపమనేది అందుకే.

మీ విషయానికొస్తే, మందు వాడుతుండగా వచ్చిన ప్రతి దద్దురూ అలర్జీ కాదు. వైరస్ జ్వరాల్లోనూ దద్దుర్లు వస్తాయి. పైగా మందుల అలర్జీలన్నీ ఐజీఈ వల్లనే రావు, కొన్ని రోజులు గడిచాక బయటపడేవీ ఉన్నాయి. కాబట్టి తేల్చవలసింది డాక్టరే. నిజమో కాదో చూద్దామని ఇంట్లో ఇంకో మాత్ర మాత్రం వేసుకోకండి. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం కనిపిస్తే యాంటీహిస్టమిన్ మాత్ర మింగి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మందు పేరు, వేసుకున్న ఎన్ని గంటలకు దద్దుర్లు లేచాయో రాసిపెట్టుకోండి, ఫోనులో ఫోటో తీయండి. నావి మర్నాటికి ఆనవాలు కూడా లేకుండా పోయాయి.